ఉడకబెట్టిన గులకరాళ్ళు

చేపలు చచ్చిన నీళ్ళు చూడటానికి చాలా తేటగా ఉంటాయి. ఈ మాట ఎవరితో అన్నా నవ్వుతారు. మురికి నీళ్ళలో చస్తాయి గాని తేట నీళ్ళలో ఎందుకు చస్తాయని ఎదురడుగుతారు. అలా అడిగేవాళ్ళంతా బాగా చదువుకున్నవాళ్ళే. నేను చదివింది నాలుగో తరగతి, అదీ ఉర్దూలో. ఆ తర్వాత మా బడి మరాఠీలోకి మారింది, నేను మా చిన్నాయన కిరాణా దుకాణంలోకి మారాను. తెలుగు అక్షరాలు పొట్లాలు కట్టే పాత పత్రికల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు మందు సీసాల మీద నేర్చుకున్నాను. అందుకని నా మాట మీద ఎవరికీ గురి లేదు. లేకపోతే పోయె. ఆ తేట నీళ్ళను నేను కళ్ళారా చూశాను. రెండుసార్లు నా చేతులతో నేనే తయారుచేశాను.

నాందేడ్‌లో, ఇత్వారా బజారు పక్క సందులో, ఒక పిల్లల డాక్టరు దగ్గర నేను కంపౌండరుని. డెబ్బై రెండు కరువు పోయి రెండు మూడేళ్ళయింది. డాక్టరు సాహెబ్ మరాఠీ ఆయన, చెయ్యి తిరిగిన మనిషి, రోజుకు నలభై మంది పిల్లల్ని చూసేవాడు. ఒకసారి హైదరాబాదు పోయి, అక్కడ ఏదో పెద్ద దవాఖానాలో చేపల తొట్టి చూసి వచ్చాడు. చేపల్ని చూస్తే పిల్లలు సూది సంగతి మరిచిపోతారట. నెల తిరక్కముందే గడ్డిలో చుట్టిన అద్దాల తొట్టి ఒకటి రైల్లో దిగింది. నాలుగు పక్కలా ఇనప చట్రం, అంచుల్లో నల్లటి లప్పం, కింద రేకు. ఒక చిన్న గాలి మిషను, సంచెడు గులకరాళ్ళు. మూడో రోజు నూనె డబ్బాలో ఎనిమిది చేపలు వచ్చాయి. డాక్టరు సాహెబ్ నాకు ఒకే ఒక్క మాట చెప్పాడు, నీళ్ళు శుభ్రంగా ఉంచమని.

శుభ్రం నాకు చెప్పాలా? అప్పట్లో సిరంజీలు గాజువి. సూదులు మళ్ళీ మళ్ళీ వాడేవి. పొద్దున వచ్చి షట్టరు ఎత్తగానే నేను చేసే మొదటి పని పాత్రలో నీళ్ళు పోసి సిరంజీలు ఉడకబెట్టడం, రాత్రి పోయేముందు చేసే చివరి పనీ అదే. క్రిమి అన్నది కంటికి కనపడని శత్రువని, దాన్ని చంపడానికే నాకు జీతం ఇస్తున్నారని నమ్మినవాణ్ణి. కాబట్టి గులకరాళ్ళను సిరంజీల పాత్రలోనే పోసి అరగంట ఉడకబెట్టాను. అద్దాలను లాల్ దవాతో కడిగాను. బావుల్లో వేస్తారే, ఊదారంగు పలుకులు, అదే. తొట్టి నిండా కాచి చల్లార్చిన నీళ్ళు పోశాను. చేపల్ని వదిలాను. అద్దం అవతల నిలబడితే ఇవతల గోడ మీది క్యాలెండరు అంకెలు కనపడేవి, అంత తేటగా ఉన్నాయి.

నాలుగో రోజుకు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి తాగడం మొదలుపెట్టాయి. ఆరో రోజు పొద్దున రెండు తేలాయి. పదో రోజుకు ఒక్కటీ లేదు. ఇంకో ఎనిమిది తెప్పించారు. నేను తొట్టి దింపి, రాళ్ళు మళ్ళీ ఉడకబెట్టి, ఈసారి ఇంకా జాగ్రత్తగా కడిగాను. అవీ పోయాయి. మధ్యలో అమావాస్య వచ్చింది. అమావాస్యకు మా బజారంతా దుకాణాలు కడిగి గడపకు నిమ్మకాయ, మిరపకాయలు కడుతుంది. డాక్టరు సాహెబ్ వాళ్ళ అమ్మ దవాఖానాను కూడా దుకాణం లెక్కనే కడిగించేది. అప్పటికి బతికి ఉన్న మూడు చేపల్ని గిన్నెలోకి తీసి తొట్టి మొత్తం కడిగాను. మర్నాటికి ఆ మూడూ తేలాయి.

చేపల కోసం నేను ఏడ్చానని అనుకోవద్దు. నా భయం వేరు. డాక్టరుకు హస్తవాసి అనేది ఒకటి ఉండాలి. మరాఠీలో హాతగుణ్ అంటారు. ఎంత పెద్ద చదువు చదివినా, చేతిలో అది లేదని ఒకసారి బజారు అనుకుందంటే ఆ దవాఖానా బల్లలు ఖాళీ. ఆ బల్లల మీద జ్వరంతో ఉన్న పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని తల్లులు గంటలకొద్దీ కూర్చునేవాళ్ళు. ఎదురుగా తొట్టి. అందులో ఒక చేప పక్కకు వాలి తేలుతుంటే పిల్లను ఇటువైపు నుంచి అటువైపుకు తిప్పి పట్టుకునేవాళ్ళు, అంతే. ఒక తల్లి అయితే, పేరు పిలిచేలోగా లేచి పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. విషమజ్వరం పిల్లవాడు, టైఫాయిడ్. మందు మొదలుపెట్టి ఐదో రోజు. ఆ మందు పద్నాలుగు రోజులు పడాలి, నడుమ ఆపితే జ్వరం తిరగబడి పేగుకు చిల్లు పడుతుందని డాక్టరు సాహెబ్ అందరికీ చెప్పేవాడు. సందు చివరిదాకా వెనకాల పరుగెత్తాను. కనపడలేదు. ఆ పిల్లవాడు ఏమయ్యాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

అప్పటినుంచి పొద్దున షట్టరు పూర్తిగా ఎత్తేముందు వంగి కింది సందులోంచి తొట్టి వైపు చూసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే మనవరాలి దగ్గుకు మందు కోసం ఒక ముసలాయన వచ్చేవాడు. నిజాం కాలం నుంచి నీళ్ళ సరఫరా వాళ్ళ ల్యాబులో పనిచేస్తున్నాడు. ఖాళీ తొట్టి ముందు నిలబడి, నేను రాళ్ళు ఉడకబెట్టడం చూసి, ఏం చేస్తున్నావని అడిగాడు. గర్వంగానే చెప్పాను. ఆయన నవ్వలేదు. చచ్చిన చేపలున్న నీళ్ళు ఏమైనా మిగిలాయా అని అడిగాడు. బకెట్లో ఉన్నాయి. ఒక మందు సీసాలో పోసుకుని, రేపు వచ్చి కలవమన్నాడు.

మర్నాడు నది ఒడ్డున వాళ్ళ ల్యాబుకు పోయాను. గాజు గొట్టంలో నా నీళ్ళు పోసి, ఒక చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు వేశాడు. క్యాలెండరు అంకెలు కనపడే ఆ నీళ్ళు నేను చూస్తుండగానే పసుపుబారి, ముదిరి, చాయ్ రంగుకు వచ్చాయి. దగ్గు మందులో మేము కలిపే నవసాగరం ఉంది చూడండి, సీసా మీద అమ్మోనియం అని ఉంటుంది, దాని జాతి విషమే ఇది. చేప ఒంటి మురికిలోంచి, తినగా మిగిలి కుళ్ళిన తిండిలోంచి పుడుతుందట. నదిలోనైతే కంటికి కనపడని జీవాలు రాళ్ళను, ఇసుకను పట్టుకుని ఉండి ఆ విషాన్ని తింటాయట. అవి తిని ఇంకో విషం వదులుతాయి. దాన్ని రెండో సీసా చుక్కలు పట్టిస్తాయి, గులాబీ రంగు వస్తుంది. దాన్ని తినే జీవాలు మళ్ళీ వేరే. ముందు పసుపు ఎక్కాలి, దిగాలి. తర్వాత గులాబీ ఎక్కాలి, దిగాలి. అప్పటికి తొట్టి స్థిరపడినట్టు. నెల పట్టొచ్చు. ఆ జీవాలనే నేను పొద్దున్నే పాత్రలో పోసి ఉడకబెడుతున్నాను.

"మియా," అన్నాడు ఆయన, "పానీ కో ఇత్నా మత్ ధోవో." నీళ్ళను మరీ అంతగా కడగకు అని.

గొట్టం కడుగుతూ ఇంకో మాట కూడా అన్నాడు. ఏ ఊరి బావి నీళ్ళలోనైనా ఈ పసుపు కనపడితే, ఆ బావిలోకి ఎక్కడిదో మురికి ఊరుతోందన్నమాటేనట. వాళ్ళు ముందు ఆ బావిని ఆపించి, తర్వాత మిగతా పరీక్షలు చేస్తారట. నేను అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు. నా ధ్యాసంతా చేపల మీదే.

వాళ్ళ వడపోత గుంటల్లోంచి పైపొర ఇసుక రెండు గుప్పెళ్ళు తడిగుడ్డలో కట్టిచ్చాడు. జిగటగా, నాచు వాసనతో ఉంది. రెండు చిన్న సీసాల మందు, రెండు గొట్టాలు ఇచ్చాడు. అది పాదరసం మందు, నోట్లోకి పోతే మనిషే పోతాడు, తాళం వేసి పెట్టమన్నాడు. ఆ మూట చొక్కా కింద దాచుకుని నడిచాను. ఇరవై ఏళ్ళుగా నేను చంపుతూ వచ్చినదాన్ని నా చేతులతోనే పసిపిల్లలుండే దవాఖానాలోకి మోసుకుపోతున్నాను. ఎవరైనా అడిగితే ఏమని చెప్పను? నాలుగో తరగతివాడు చెబితే ఎవరు వింటారు? ఎవరూ లేని మధ్యాహ్నం చూసి తొట్టిలో రాళ్ళ అడుగున ఆ ఇసుక పరిచాను.

మూడోసారి ఆరు చేపలు వచ్చాయి. ఇవి కూడా పోతే తొట్టినీ నిన్నూ కలిపి పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని డాక్టరు సాహెబ్ నవ్వుతూ అన్నాడు. ఆయన నవ్వుతూ అన్నవే ఎక్కువగా చేసేవాడు.

ఆరింట్లో ఒకటి ఎర్రది, తోక మొదట్లో నల్ల మచ్చ. దాని మూలంగానే ఇదంతా రాస్తున్నాను.

చేపలు వచ్చిన వారానికి ఇస్లాపూర్ నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. తెలుగు రైతులు. కోడలి చంకలో నాలుగేళ్ళ ఆడపిల్ల, తొమ్మిది రోజుల జ్వరంతో వడలిపోయి ఉంది. విషమజ్వరమే. పద్నాలుగు రోజులు రోజూ రావాలని, పిల్లకు రొట్టె, ముద్ద, గట్టి తిండి ఏదీ పెట్టొద్దని, గంజినీళ్ళు, మజ్జిగ మాత్రమే ఇవ్వమని చెప్పాడు డాక్టరు సాహెబ్. ఇత్వారాలో చుట్టాల ఇంట్లో దిగారు. అత్తకు ఇక్కడ ఉండటం సుతరామూ ఇష్టం లేదు. ఆమె పెద్దకొడుకు పిల్లవాణ్ణి అంతకుముందు ఏదో పెద్ద దవాఖానాలో చేర్చి, గుడ్డలో చుట్టి తెచ్చుకున్నారట. వాళ్ళ ఊళ్ళో తాయెత్తు కట్టేవాడున్నాడని, అక్కడికే పోదామని మొదటి రోజు నుంచీ కోడలితో పోరు. ఆ పోరు నడుమ తొట్టిలో ఎర్రచేపను చూసిందామె. చాలాసేపు చూసి నన్ను పిలిచింది.

"కంపోండర్ సాబ్, గా ఎర్రది మా పిల్ల లెక్కనే ఉన్నది, సూడు. మూలకు వోయి పండుకుంటది. గది ఉన్నన్ని దినాలు ఈడ ఉంటం. గది పోయిన్నాడు బండెక్కుతం."

కోడలు తల వంచుకుంది. నేను నవ్వి ఊరుకోవాలని చూశాను, నవ్వు రాలేదు. సందు చివరిదాకా పరుగెత్తిన రోజు గుర్తొచ్చింది. పద్నాలుగు రోజులు ఆ చేప బతకాలి. పిల్ల ప్రాణం డాక్టరు సాహెబ్ మందు మీద ఉంది, మందు ముసలామె పట్టుదల మీద ఉంది, ఆ పట్టుదల వేలెడంత చేప మీద ఉంది. ఆ చేప బతుకు ఉడకబెట్టడం తప్ప ఏమీ తెలియని నా మీద పడింది.

పొద్దునా సాయంత్రం గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేసేవాణ్ణి. లేత పసుపు, ఇంకాస్త పసుపు. పసుపు ముదిరినప్పుడల్లా మూడోవంతు నీళ్ళు తీసి, ముందురోజు పట్టి నిలవ ఉంచిన నీళ్ళు పోసేవాణ్ణి. పిల్లకు మందు మొదలైన ఆరో రోజున అమావాస్య పడింది. తొట్టి కడగమని డాక్టరు సాహెబ్ వాళ్ళ అమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. నేల కడిగాను, బల్లలు కడిగాను, తొట్టి అద్దాలు బయటివైపు మాత్రం తుడిచి, కడిగానని అబద్ధం చెప్పాను. ఆ దవాఖానాలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఎవరైనా రాళ్ళ అడుగున చెయ్యి పెడతారేమోనని ఆ రోజంతా తొట్టి దగ్గరి నుంచి కదల్లేదు.

ఏడో రోజుకు పసుపు తగ్గింది. ఎనిమిదో రోజు పొద్దున చుక్కలు వేస్తే మళ్ళీ చాయ్ రంగు. ఎక్కడ తప్పు జరిగింది? నీళ్ళు మార్చి, సిరంజీలు పట్టి తీసే చిమటాతో రాళ్ళు కదిపి చూశాను. అడుగున తెల్లగా, మెత్తగా ఏదో పట్టుకు వచ్చింది. వాసన చూశాను. నానిన జొన్నరొట్టె. ఒక ముక్క కాదు, నాలుగైదు ముక్కలు. వాటిని తీసి పారేసి, మందులిచ్చే కిటికీ వెనక నిలబడి కాపుకాశాను. మామూలు వేళకు అత్తాకోడళ్ళు వచ్చారు. అత్త బయట మెట్ల మీద కూర్చుంది. కోడలు పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, అటూ ఇటూ చూసి, కొంగు ముడి విప్పింది.

గోదావరి ఘాటు మీద చేపలకు పిండిముద్దలు వేయడం మా దగ్గర పుణ్యం కింద లెక్క. అదే అనుకుని వెళ్ళాను.

"ఏమేస్తున్నవ్ చెల్లే అండ్ల?"

ఉలిక్కిపడి చెయ్యి వెనక పెట్టుకుంది. "జరంత రొట్టె, అన్నా. పిల్లకు పెట్టద్దన్నరు గద. రాత్రంత రొట్టె రొట్టె అని ఏడుస్తది. దాని వాటా దీనికేస్తున్న. ఇదన్న తిననీ."

చేపను చంపుతున్నది నువ్వేనని ఈమెకు ఎలా చెప్పాలి? చెబితే పిల్లను తీసుకుని ఈ క్షణమే లేస్తుందేమో. చెప్పకపోతే రేపు ఆ చేప ఉండదు. లోపలికి పోయి గొట్టం తెచ్చి, ఆమె ఎదురుగా నీళ్ళు ముంచి చుక్కలు వేశాను. రంగు ఎక్కుతుంటే దగ్గరికి వచ్చి చూసింది.

"పసుపేసినవా?"

"నేనేం ఏయలె. నీళ్ళల్లనే ఉన్నది. రొట్టె మురిగితె గిట్లయితది. చేపకు ఇది విషం."

చేతిలోని రొట్టెను మళ్ళీ కొంగున ముడేసుకుంది. "అంటె నేనే సంపుతున్ననా?"

"నువ్వింక సంపలె. నేను పదారు సంపిన."

"నువ్వేమేసినవ్?"

"ఏం ఏయలె. ఉడకబెట్టిన."

ఆమె పెదాల మీద నవ్వు లాంటిది వచ్చి వెంటనే పోయింది. తర్వాత, మరి నేనేం చెయ్యాలని అడిగింది. ఆ మాటే నన్ను కాపాడింది. చుట్టాల ఇంటి చేదబావి నీళ్ళు మట్టికుండలో రాత్రంతా నిలవ ఉంచి పొద్దున తెచ్చిపెట్టమన్నాను. మర్నాటి నుంచి అత్త లేవకముందే తలమీద కుండతో వచ్చేది. ఆ నీళ్ళు తొట్టిలో పోసేముందు గొట్టంలో పోసి చూపించమనేది. చుక్కలు వేసినా వాటి రంగు మారకపోతేనే పోయనిచ్చేది. కుండ దించి, తొట్టి నీళ్ళది చూపించమనేది. రంగు ఎంత తగ్గిందో నాకంటే ముందు ఆమే చెప్పేది.

పదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. గాలి మిషను ఆగింది. చేపలన్నీ పైకి వచ్చాయి. ఎర్రది కూడా. మెట్ల మీది నుంచి ముసలామె లేచి వచ్చి అద్దానికి ముఖం ఆనించి నిలబడింది. ఏం చేయాలో తోచక బీపీ మిషను రబ్బరు బుడ్డి ఊడదీసి, దాని గొట్టం నీళ్ళలో పెట్టి నొక్కడం మొదలుపెట్టాను. బుడగలు వచ్చాయి. లోపలి నుంచి డాక్టరు సాహెబ్ పిలుస్తాడు, నేను పరుగెత్తుతాను, కోడలు నొక్కుతుంది. నేను వస్తాను, ఆమె పిల్లను ఎత్తుకుంటుంది. రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల్లో పిల్ల జ్వరం ఎంత ఉందో నేను చూడనే లేదు. కరెంటు వచ్చాక థర్మామీటరు పెడితే, వచ్చినప్పటి నుంచి మొదటిసారి వందకు కిందికి దిగింది.

పదకొండో రోజు పసుపు పూర్తిగా పోయింది. గొట్టంలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. కోడలు నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. గండం గడిచిందనుకున్నాను. రెండో సీసా సంగతి నాకు గుర్తే రాలేదు. గుర్తుకొచ్చింది పన్నెండో రోజు తెల్లవారుజామున, షట్టరు కింద వంగి చూసినప్పుడు. ఎర్రచేప తేలుతోంది.

చెయ్యి పెట్టి తీశాను. చల్లగా ఉంది. ట్రేలో పెట్టి పైన దూది కప్పాను. ముసలామె వచ్చేలోగా ఏం చేయాలి? బజారులో ఇలాంటి చేప దొరకదు. బాగా లేదని వేరే తొట్టిలో పెట్టానని చెప్పనా? డాక్టరు సాహెబ్ ఇంటికి తీసుకుపోయాడని చెప్పనా? ఒకసారి అబద్ధం ఆడినవాణ్ణి, ఇంకోటి కష్టమా అనుకున్నాను. మూడు రోజులు. మూడే రోజుల మందు మిగిలింది. సిరంజీల పాత్ర కింద స్టవ్వు వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి.

కోడలు కుండతో వచ్చింది. దించకముందే తొట్టిలోకి చూసింది. నేను ట్రే మీది దూది తీశాను. అబద్ధం నా నోటిదాకా వచ్చింది గాని ఆమె నన్నేమీ అడగలేదు. గొట్టం తెమ్మంది.

మొదటి సీసా చుక్కలు వేశాను. రంగు లేదు. రెండోది వేశాను. కాసేపటికి నీళ్ళు ముదురు గులాబీ అయ్యాయి. ముసలాయన చెప్పిన రెండో విషం. చెప్పినా నేను మరిచిపోయిన విషం. అదంతా ఆమెకు చెప్పాను, తప్పు నాదేనని కూడా చెప్పాను. ఆమె గొట్టాన్ని వెలుతురు వైపు ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇది నీళ్ళల్ల ఉన్నది," అంది. "మా పిల్ల నెత్తుర్ల లేదు గద?"

"లేదు," అన్నాను.

కుండలోని నీళ్ళు తొట్టిలో పోసి, ఇంకో కుండ తేవడానికి వెళ్ళిపోయింది. మిగిలిన ఐదు చేపలు పైనే నోళ్ళు తెరుస్తున్నాయి.

ఎనిమిదింటికి అత్తతో వచ్చింది. ముసలామె తిన్నగా తొట్టి దగ్గరికి పోయి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నేను కిటికీ వెనక నిలబడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను బయటికి రాలేదు. కోడలే చెప్పింది.

"సచ్చింది అత్తమ్మా. మందింక మూడు దినాలున్నది."

అంతే. పిల్లను ఒళ్ళో వేసుకుని బల్ల మీద కూర్చుంది. ముసలామె గుమ్మం దాటి మెట్ల మీదికి పోయింది. ఇస్లాపూర్ బండి టైము అయింది. నేను మందులు కడుతున్నానే గాని చెవులన్నీ మెట్ల మీదే ఉన్నాయి. బండి కూత వినపడింది. కాసేపటికి ముసలామె లోపలికి వచ్చి, బల్ల చివర, కోడలికి ఎడంగా కూర్చుంది.

ముసలామె పంతం సంగతి డాక్టరు సాహెబ్‌కూ తెలుసు. వచ్చి తొట్టి వైపు చూసి, మరాఠీలో, ఆ అడాణీ బాయి బండెక్కి ఉంటుంది కదా అన్నాడు. అడాణీ అంటే చదువు సంధ్యలు లేనిది అని. నన్ను కూడా చాలాసార్లు అదే మాట అన్నాడు, ఎదురుగానే అన్నాడు, పడ్డాను. కోడలికి మరాఠీ వచ్చు. బల్ల మీద నుంచి వింటోంది. ఆ రోజు మాత్రం నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆమె ఎక్కడికీ పోలేదు సాహెబ్, నీళ్ళు పరీక్ష చేసుకుని కూర్చుంది, మనమిద్దరం ఆ పని చేయకుండా పదహారు చేపల్ని చంపాం అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన పిల్లను లోపలికి పంపమన్నాడు. తర్వాతి కాలంలో, తొట్టి స్థిరపడ్డాక, చేపల నీళ్ళ కిటుకు తానే కనిపెట్టానని వచ్చిన డాక్టర్లందరికీ చెప్పేవాడు. చెప్పుకోనీ.

మూడు రోజులూ గడిచాయి. మందు పూర్తయింది. పదిహేనో రోజు మెత్తన్నం పెట్టొచ్చన్నాడు. ఆ బల్ల మీదే కూర్చుని ఆమె గిన్నెలోంచి పిల్లకు తినిపించింది. పిల్ల నాలుగు ముద్దలు తిని, ఒక మెతుకు వేళ్ళతో పట్టుకుని తొట్టి వైపు చెయ్యి చాచింది. తల్లి ఆ మణికట్టు పట్టుకుని వెనక్కి తెచ్చింది.

పోయేముందు నా కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది. "అన్నా, నీ సీసల మందు మనుషులు తాగే నీళ్ళకు గూడ పనికొస్తదా? మా బాయి నీళ్ళు పంపిస్త, సూస్తవా?"

ల్యాబు ముసలాయన అన్న మాట అప్పుడు నాకు వచ్చి తగిలింది. పిల్లకు జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందని మేమెవరం అడగలేదు. పద్నాలుగు రోజులు తొట్టి నీళ్ళను పొద్దునా సాయంత్రం పరీక్ష చేశానే గాని, ఆ పిల్ల తాగే నీళ్ళ గురించి నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చూస్తానన్నాను. ఒక ఖాళీ సీసా కడిగి ఇచ్చాను.

ఐదో రోజు ఆ సీసా వచ్చింది. ఇస్లాపూర్ బండిలో ఎవరో తెచ్చి కిటికీలో పెట్టిపోయారు. మూతికి గుడ్డ చుట్టి దారం కట్టి ఉంది. వెలుతురులో పట్టుకుని చూశాను. చాలా తేటగా ఉన్నాయి. అవతలి గోడ మీది క్యాలెండరు అంకెలు కనపడుతున్నాయి. గొట్టంలో పోసి, మొదటి సీసా మూత తీశాను. నాలుగు చుక్కలు వేయబోతే ఆరు పడ్డాయి.

పసుపు పైనుంచి పొగలాగా కిందికి దిగింది. దిగి, ముదిరింది.

కార్డు రాయొచ్చు. కాని ఆ ఇంట్లో చదివేవాళ్ళు లేరు. ఎవరితోనైనా చదివించుకునేలోగా పిల్ల ఎన్ని చెంబులు తాగుతుంది? డాక్టరు సాహెబ్ లోపలి నుంచి నన్ను పిలుస్తున్నాడు. అల్మారాలోంచి లాల్ దవా పొట్లాలు తీసి జేబుల్లో కుక్కుకున్నాను. ఆ బావి నీళ్ళు ముట్టుకోవద్దని, వేరే నీళ్ళు కూడా ఉడకబెట్టి, బాగా మరిగించి తాగమని నా నోటితో నేనే చెప్పాలి. సిరంజీల పాత్ర కింద స్టవ్వు ఆర్పి, స్టేషను వైపు నడిచాను. బండి టైముకు ఇంకా అరగంట ఉంది. అయినా నడవలేకపోయాను, పరుగెత్తాను.